బిడ్డ ఎవరి సొమ్ము

బాలాపూర్ గణనాథుని చేతిలో నవరాత్రులన్నాళ్లును నిలిచిన ఇరువది యొక్క కిలోల లడ్డు, నిమజ్జనము నాటి ఉదయమున ఊరి బొడ్రాయి కడ వేలమునకు వచ్చును. 1994లో 450 రూపాయలు పలికిన ఆ ప్రసాదము 2024లో 30,01,000 రూపాయలు పలికినది. ఈ వేలమును చూచి ముక్కున వేలు వేసికొనువారు కలరు. నేను ఆ కోవకు చెందను. దేవునికి నివేదించిన పదార్థమునకు మనుష్యులు మరల వెల కట్టవచ్చునా యన్న ధర్మసందేహమునకు ఆ ఊరివారు తమదైన సమాధానము చెప్పుకొనిరి: పాట పాడినవాడు భక్తితో పాడుచున్నాడు, వచ్చిన సొమ్ము గ్రామాభివృద్ధికి పోవుచున్నది, ప్రసాదమును పొలమున చల్లుకొన్న రైతు పంటపై ఆశ పెట్టుకొనుచున్నాడు. ఇందులో ఎవరికిని అన్యాయము లేదు. ఏలయన లడ్డు ఎవరిదన్న విషయమున ఎవరికిని వివాదము లేదు. నివేదించినవారు తమ సొమ్మునే నివేదించిరి.

అయితే మన ఊళ్లలోని పందిళ్ల ముందు సంధ్యవేళ నెమలిపింఛము దోపుకొని, మొగమునకు నీలిరంగు పూసికొని, చెవులదరునంత పాటకు అడుగులు వేయు ఏడేండ్ల బాలకృష్ణుని చూచునప్పుడెల్ల నాకొక ప్రశ్న పుట్టుచుండును. ఈ బాలుని కళను దేవునికి సమర్పించుచున్నది ఎవరు? అతడా, అతని తలిదండ్రులా? తలిదండ్రులే యైనచో, తమది కాని దానిని సమర్పించు అధికారము వారికెక్కడిది? దేవుని పందిరి కడ ఈ ప్రశ్న మెత్తగా వినబడును. కెమెరా ముందు అదే ప్రశ్న కరకుగా వినబడును. బాలాపూరునకు ఒక దిక్కున అబ్దుల్లాపూర్‌మెట్‌లో రామోజీ ఫిల్మ్ సిటీయు, వేరొక దిక్కున శంషాబాదు విమానాశ్రయము దాటిన పిమ్మట, సినిమావారికి పుట్టినిల్లు వంటి అమ్మపల్లి రామాలయమును ఉన్నవి. మూడును రంగారెడ్డి జిల్లాలోనివే. కావున ఆ రెండు తావులందును బాలనటునితో చిత్రీకరణ జరుపగోరు నిర్మాత, కొంగరకలాన్‌లోని కలెక్టరు కార్యాలయమునకు దరఖాస్తు పెట్టుకొనవలసి యున్నది.

ఆ దరఖాస్తు వెనుకనున్న శాసనమును కొంచెము తెలిసికొనుట అవసరము. పదునాలుగేండ్లు నిండని బిడ్డను కర్మాగారములందును, గనులందును, ప్రమాదకరములగు ఇతర వృత్తులందును పెట్టరాదని రాజ్యాంగము ఇరువది నాలుగవ అధికరణమున నిషేధించినది. 1986 నాటి బాలకార్మిక చట్టమును 2016లో సవరించినప్పుడు ఆ నిషేధము సకల వృత్తులకును వ్యాపించినది. కాని రెండు ద్వారములు తెరచియే యుంచిరి. బడివేళలు ముగిసిన పిదపను, సెలవులందును కుటుంబపు పనిలో సాయపడుట యొకటి. చలనచిత్రములు, ధారావాహికలు, ప్రకటనలు, ఆ కోవకు చెందిన వినోదములు, క్రీడలయందు కళాకారుడుగా పాల్గొనుట రెండవది. ఈ రెండవ ద్వారమునకు 2017 నాటి నియమములు గడియ బిగించినవి. బిడ్డచేత దినమునకు ఐదు గంటలకు మించి పని చేయింపరాదు, విశ్రాంతి లేక మూడు గంటలు దాటరాదు, వరుసగా ఇరువది యేడు దినములకు మించరాదు, చదువు ఆగరాదు, ఐదుగురు బిడ్డలకొక బాధ్యుని చొప్పున నియమింపవలెను, సంపాదనలో ఇరువది శాతమునకు తక్కువ కాకుండ బిడ్డ పేర జాతీయీకృత బ్యాంకున నిలువ చేయవలెను. కలెక్టరు అనుమతి ఆరు మాసములు చెల్లును. బిడ్డ ఇష్టమునకును సమ్మతికిని విరుద్ధముగా ఏ పనియు చేయింపరాదన్న వాక్యము కూడ ఆ నియమములలో కలదు. దానిని కడపట మరల తడవెదను.

ఈ చట్టము పాశ్చాత్యుల నుండి వచ్చినదనియు, కన్నవారికిని బిడ్డలకును నడుమ ప్రభుత్వము చొచ్చుకొని వచ్చుట మన సంప్రదాయమునకు పొసగదనియు కొందరనుట విన్నాను. సంప్రదాయమును వారెంతవరకు చదివిరో నేనెరుగను. యాజ్ఞవల్క్యుడు తన స్మృతిలో దానవిషయమును చెప్పుచు, గృహస్థుడు కుటుంబమునకు విఘాతము లేనంత మేరకు తన సొమ్మును దానము చేయవచ్చునని అనుజ్ఞ యిచ్చి, ఆ వెంటనే భార్యను, కుమారుని మినహాయించినాడు. మీమాంసకులు ఇంకను లోతునకు పోయిరి. విశ్వజిద్యాగమున యజమానుడు సర్వస్వమును దక్షిణగా ఈయవలెనని కదా విధి; ఆ సర్వస్వమున తలిదండ్రులాది బంధువులు కూడ చేరుదురా యని జైమిని సూత్రములందు విచారణ లేచినది. చేరరని తేల్చిరి, ఏలయన దానమనగా తన స్వత్వమును విడిచి పరునికి స్వత్వము కలిగించుట, బంధువుల యెడ మనకున్నది సంబంధమే కాని స్వామ్యము కాదు. నాది యని చెప్పుకొనునదెల్ల నా యాస్తి కాదన్న యీ వివేకము, యజ్ఞము చేయువానికి కూడ, అనగా పరమ పవిత్రకార్యమున నున్నవానికి కూడ, వర్తించినది.

ఐతరేయ బ్రాహ్మణమున శునశ్శేపుని కథ ఈ విషయముననే యున్నదని నా తలపు. హరిశ్చంద్రుడు పుత్రుని కోరి, పుట్టినవానిని నీకే బలి యిత్తునని వరుణునికి మాట యిచ్చెను. రోహితుడు పుట్టినది మొదలు వరుణుడు వచ్చి యడుగుటయు, పురుడు తీరనీయుమని, పండ్లు రానీయుమని, ఆ పండ్లూడి మరల మొలవనీయుమని, ఆయుధము పట్టు వయసు రానీయుమని తండ్రి గడువు కోరుటయు జరిగినవి. తుదకు తండ్రి కొడుకును పిలిచి సంగతి చెప్పగా, ఆ కొడుకు కాదని విల్లు పుచ్చుకొని అడవికి పోయెను. అతనికి బదులుగా అజీగర్తుడను నిరుపేద బ్రాహ్మణుని నడిమి కుమారుని నూరావుల కిచ్చి కొనిరి; పెద్దవానిని తండ్రి వదలడాయె, చిన్నవానిని తల్లి వదలదాయె. యూపమునకు కట్టుటకు మరి నూరు, నరకుటకు మరి నూరు ఆవులు ఆ తండ్రియే పుచ్చుకొన్నాడు. దేవతలను స్తుతించి బంధవిముక్తుడైన శునశ్శేపుడు, తిరిగి రమ్మన్న తండ్రిని, నాకంటె నీకు మూడు నూర్ల ఆవులే ఎక్కువైనవి కదా యని నిరసించి, విశ్వామిత్రుని ఒడిలో కూర్చుండెను. ఇందు ఆకలిగొన్న అజీగర్తుని నేను సులువుగా తిట్టలేను. బిడ్డను దేవతకు మ్రొక్కుకొన్న రాజు, బిడ్డను అమ్ముకొన్న పేద, ఇరువురును ఒకే పొరబాటున పడిరి. ఒకనిని భక్తి పడద్రోసినది, ఒకనిని దారిద్ర్యము పడద్రోసినది.

ఇది పుక్కిటి పురాణమని త్రోసివేయుటకు వీలు లేదు. బాలికలను దేవునికి అంకితము చేయు ఆచారమును మద్రాసు రాష్ట్రము 1947లో చట్టముచేత నిషేధించినది. నలుబది యేండ్లు గడచినను తెలంగాణ పల్లెలలో జోగిని పేర ఆ యాచారము చావనందున ఆంధ్రప్రదేశ్ 1988లో మరల శాసనము చేయవలసి వచ్చినది. ఆ బాలికలలో ఆట, పాట నేర్చినవారు కలరు. మనము నేడు శాస్త్రీయ కళలని గర్వించువానికి వారి వంశములే పట్టుగొమ్మలు. కళ గొప్పది కావచ్చును, దేవుడు సాక్షి కావచ్చును. కాని ఆ బాలికను సమర్పించిన చేయి ఆమెది కాదు. తెలుగు సమాజము ఈ సంగతిని అంగీకరించుటకు ఎంత కాలము పట్టెనో తలచుకొన్నచో, బాలనటుల విషయమున చట్టము తొందరపడినదని అనజాలము.

ఎదుటివారి వాదమునందు బలము లేకపోలేదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఎనిమిదేండ్ల వయసున విజయవాడ ఆరాధనోత్సవములలో నిండు కచేరి చేయగా విని, ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ అతని పేరునకు ముందు 'బాల' చేర్చిరి. ఆనాడు ఎవరైన గడియారము చేతబట్టుకొని ఇక చాలునని యుండినచో మనమేమి కోల్పోయెడివారమో! 1885లో కడప సీమలోని సురభి గ్రామమున వనారస గోవిందరావు స్థాపించిన నాటకసమాజమున, బిడ్డలు నడక నేర్చుటకు ముందే రంగమెక్కినారు. పొత్తిళ్లలోని శిశువే కృష్ణుడగును, పిదప లవుడగును, ప్రహ్లాదుడగును, మీసము వచ్చిన పిదప హిరణ్యకశిపుడగును. అక్కడ ఇల్లే రంగము, రంగమే ఇల్లు. తెరవెనుక అన్నము కలిపి పెట్టు తల్లియే తెర ముందు యశోద. దీనిని శ్రమ యని పేరు పెట్టి కొలుచుటకు నా మనసొప్పదు. కూచిపూడిలో పుట్టిన ప్రతి మగబిడ్డయు జన్మలో నొక్కసారియైన సత్యభామ వేషము కట్టవలెనని సిద్ధేంద్రయోగి బాస తీసికొనెనని ప్రతీతి. పుట్టని బిడ్డల తరపున చేసిన ప్రతిజ్ఞ యది. రోహితుని తండ్రి చేసిన దానివంటిదే, కాని ఇందు బలి లేదు, విద్య యున్నది. బిడ్డకు ముందుగా ఏదియు నిర్ణయింపని పెంపకము లోకమున లేదు. భాషను మనమడిగి నేర్పితిమా?

వ్యత్యాసమెక్కడ నున్నదో చూపుటకు నాకు భరతుని నాట్యశాస్త్రమే తోడు. ఇంద్రాదులు బ్రహ్మ కడకు పోయి, కంటికింపుగను చెవికింపుగను ఉండు ఒక ఆటవస్తువును తమకు దయచేయుమని వేడిరట. నాట్యవేదము అట్లు పుట్టినది, దేవతల క్రీడ కొరకు. దానిని ప్రయోగించినది భరతుని నూర్గురు కుమారులు, తండ్రి యానతిచేత. తొలి ప్రదర్శనమునందే విఘ్నులు పైబడి నటుల మాటలను, కదలికలను, జ్ఞాపకమును స్తంభింపజేయగా, ఇంద్రుడు జర్జరమను ధ్వజదండమెత్తి వారిని చావగొట్టెను. అంతటితో చాలలేదు. బ్రహ్మ విశ్వకర్మచేత నాట్యగృహము కట్టించి, స్తంభమునకొక దేవతను, ద్వారమునకొక దేవతను, రంగపీఠమునకు తానును కావలి యుండెను. చూచువారికి క్రీడ యైనది ఆడువారికి క్రీడ కాదనియు, ఆడువారికి రక్షణ కావలెననియు, ఆ రక్షణ తండ్రియైన భరతుని ప్రేమకు విడిచిపెట్టక వేరుగా ఏర్పరుపవలసినదే యనియు ఆ కథ నెమ్మదిగా చెప్పుచున్నది. కలెక్టరు అనుమతిపత్రమును ఆ దేవతల కావలితో పోల్చినచో నవ్వెదరేమో, నవ్వుడు. సురభి రంగమున బిడ్డ చుట్టును మూడు తరముల కావలి యుండును, ఆ బిడ్డ ఏడ్చినచో తెర దించుటకు అధికారము గలవారును వారే. కూలికి వచ్చిన బిడ్డ చుట్టును గంటకింత యని వెచ్చముపై నడచు యంత్రముండును.

అమ్మపల్లిలో ఒకనాటి మధ్యాహ్నము ఆ యంత్రమును దగ్గరగా చూచితిని. ఎత్తయిన గోపురము క్రింద పట్టాలు పరచి కెమెరాను నిలిపినారు. ఆరేడేండ్ల బాలుడు, చిరిగినట్లు కుట్టిన చొక్కాతో, కోనేటి మెట్టుపై కూర్చుండి యున్నాడు. గ్లిజరిన్ కంటికి మంట యని పెట్టనీయలేదు. అప్పుడొక సహాయ దర్శకుడు, పాపము అతడును కుర్రవాడే, ప్రక్కన గొంతుకూర్చుండి చెవిలో చెప్పినాడు: "ఒరేయ్ బుజ్జీ, మీ అమ్మ నిన్నిక్కడే వదిలేసి బస్సెక్కి వెళ్లిపోయిందిరా." తల్లి లైటు స్టాండు వెనుకకు తప్పుకొన్నది, అట్లు తప్పుకొనుమని ఆమెకు ముందే చెప్పియుండిరి. బాలుడు చుట్టును చూచి, ఆమె కనబడకపోగా, పెదవి విరిచి, వెక్కి వెక్కి ఏడ్చినాడు. షాట్ ఓకే యనిరి, చప్పట్లు కొట్టిరి. తల్లి పరుగున వచ్చి నీళ్ల సీసా అందించగా, వాడు సీసాను వదలి ఆమె కొంగు పట్టుకొని, తరువాతి షాటు వరకును విడువలేదు.

దానిని నేను తూచదలచినది దయచేత కాదు, అలంకారశాస్త్రముచేత. కన్నీరు సాత్త్వికభావము. దుఃఖము లేనివాడు దుఃఖితుడై ఎట్లు కన్నీరు విడుచునన్న ప్రశ్నకు, మనస్సమాధానముచేత, అనగా చిత్తమును ఏకాగ్రము చేసికొను శక్తిచేత నని భరతుడు బదులు చెప్పెను. నటుడు రసమును ఆస్వాదించువాడు కాడు, పాత్ర మాత్రుడనియు, పానపాత్ర పానకపు రుచి నెరుగనట్లే అతడును ఎరుగడనియు అభినవగుప్తుని మతము. ఈ తాటస్థ్యము గలదు కనుకనే ఎస్.వి. రంగారావు సాయంకాలము హిరణ్యకశిపుని కోపమును దుస్తులతో కూడ విడిచి ఇంటికి పోగలిగెను. అమ్మపల్లి బాలునికి ఆ తాటస్థ్యము లేదు. వాడు అభినయింపలేదు, ఏడ్చినాడు. అది కరుణరసమునకు అనుభావము కాదు, లౌకికమగు శోకము, నిజముగా ఒక బిడ్డ తల్లిని పోగొట్టుకొన్న క్షణము. దానిని తెరపై చూచి మనము పొందునది రసానందమని శాస్త్రమొప్పదు. అయిదు గంటల నియమము ఆనాడు అక్కడ పాటింపబడియే యుండవచ్చును. ఆ యేడుపునకు పట్టినది రెండు నిమిషములు. కాలమును కొలుచు చట్టము వంచనను కొలువజాలదు.

సర్కసును మాత్రము చట్టము ఈ మినహాయింపు నుండి వేరుచేసినది. 2011లో సుప్రీంకోర్టు బాలలను సర్కసులలో పెట్టుట నిషేధింపుమని కేంద్రమును ఆదేశించి యుండెను. ఊయల నుండి జారిన బిడ్డ ఎముక విరుగుట కనబడును గనుక అది సులభముగా తేలినది. బిడ్డ మనసునందు ఏది విరిగినదో ఎక్స్‌రేకు అందదు.

తెలుగు తెర మాటలు నేర్చినది బాలుని నోటనే యన్నది నన్ను ఎన్నడును విడువని తలపు. 1932 ఫిబ్రవరి 6న విడుదలయైన భక్త ప్రహ్లాదలో ప్రహ్లాదుడు తొమ్మిదేండ్ల కృష్ణారావు. 1936లో సి. పుల్లయ్య సతీ అనసూయను, ధ్రువవిజయమును బాలలతోనే నడిపించెను. 1967లో రోజారమణి ప్రహ్లాదుడైనది. 1997లో గుణశేఖర్ రామాయణమంతయు బాలలచేతనే ఆడించెను. మన టాకీ తొలి కథానాయకుడు తండ్రి యాజ్ఞకు తలయొగ్గనివాడు. అతని వేషము కట్టిన ప్రతి బిడ్డయు పెద్దల యాజ్ఞకు తలయొగ్గియే కట్టెను. తండ్రీ, నీ మాట వినను అని తడబడక చెప్పుటకు ఎన్నిసార్లు చెప్పినట్లు వినవలెనో కదా! ఆ బిడ్డలకు కష్టము కలిగెనని నేననుట లేదు. వారిలో అనేకులు ఆ దినములను ఆనందముతో తలచుకొన్నవారే. నేననునది వేరు: అవునని చెప్పిన బిడ్డ మాటను మనమెట్లు గ్రహింపవలెను? ఆరేండ్ల ప్రాణికి తల్లి సంతోషమే తన సంతోషము. అమ్మ నవ్విన దానినెల్ల వాడు అవుననును. అట్టి సమ్మతి అసత్యము కాదు, కాని అది వానిది మాత్రమే కూడ కాదు. ప్రహ్లాదుని వలె, రోహితుని వలె కాదను శక్తి గలవాడు అవునన్నప్పుడే ఆ అవునునకు బరువు.

ధనము సంగతి క్లుప్తముగా చెప్పవచ్చును, ఏలయన అది అందరికిని తెలియునదే. 1921లో చాప్లిన్‌తో 'ది కిడ్' అను చిత్రమున నటించి లోకమునకు ప్రియుడైన జాకీ కూగన్, పెద్దవాడైన పిదప తన సంపాదన హరించిపోయెనని తెలిసికొని 1938లో తల్లిపైనను, మారుతండ్రిపైనను వ్యాజ్యము వేయవలసి వచ్చెను. మరుసటి యేడు కాలిఫోర్నియా శాసనము పుట్టెను. అచ్చట నేడు నిలువ చేయవలసినది పదునైదు శాతము, మనకు ఇరువది. తక్కిన ఎనుబది ఏల కన్నవారికి? పోషణకందురు. బిడ్డ సంపాదింపనిచో పోషింపకుందురా?

ఇక నియమములలో కడపట తడవెదనన్న వాక్యము. అనుమతి కొరకు కలెక్టరునకు సమర్పింపవలసిన వానిలో బిడ్డల జాబితా యున్నది, తలిదండ్రుల సమ్మతి యున్నది, బాధ్యుని పేరున్నది. బిడ్డ ఇష్టమునకు విరుద్ధముగా పని చేయింపరాదన్నది మాత్రము నియమముగా నిలిచియున్నదే గాని, ఆ యిష్టమును ఎవరడుగవలెను, ఎప్పుడడుగవలెను, ఎవరి యెదుట అడుగవలెనన్న ఏర్పాటు లేదు. మన దేశముననే, 1890 నాటి సంరక్షకుల చట్టమున, తెలివిగా ఎంచుకొను వయసు వచ్చిన మైనరు అభీష్టమును న్యాయస్థానము గమనింపవచ్చునని పదునేడవ సెక్షను చెప్పుచున్నది. భార్యాభర్తలు బిడ్డకొరకు కలహించినప్పుడు న్యాయమూర్తి ఆ బిడ్డను తన గదికి పిలిచి, తల్లిని, తండ్రిని వెలుపల నుంచి, మెల్లగా మాటాడుట కలదు. ఎవరి యింట నుండవలెనన్నదానికి అడుగవచ్చునట, ఎవరి కొరకు ఏడ్వవలెనన్నదానికి అక్కరలేదట! కొంగరకలాన్‌లో ఒక ఉద్యోగికి, బాలల మనసెరిగిన స్త్రీ యైన మరియు మంచిది, ఈ పని యప్పగించుట పెద్ద వ్యయము కాదు. అనుమతి యిచ్చుటకు ముందొకసారి, సగము చిత్రీకరణయైన పిదప మరొకసారి, అమ్మానాన్నలు వెలుపలి బల్లపై కూర్చుండగా, ఆ బిడ్డను అడుగవలెను. రెండవసారి కాదన్నచో నిర్మాతకు నష్టము వచ్చునని ముందే ఒడంబడికలో వ్రాసికొనవలెను.